రూతమ్మ చెప్పిన సాక్ష్యం

2022 ఎండాకాలం. అఫ్జల్‌గంజ్‌లో మిరపకాయల కొట్ల మీద మొదటి అంతస్తులో ఒక చిన్న డయాలసిస్ సెంటర్ ఉండేది. నేను అందులో స్టాఫ్ నర్సుని. గుంటూరు వైపు నుంచి ఈ ఊరు వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. కింద బస్తాలు విప్పినప్పుడల్లా ఘాటు పైకి వచ్చేది. పేషెంట్లు తుమ్ముతూ, దగ్గుతూ, మమ్మల్ని తిడుతూ నాలుగేసి గంటలు మంచాల మీద గడిపేవాళ్లు.

కిడ్నీలు పనిచెయ్యని మనిషి రక్తాన్ని బయటికి తీసి, మిషన్‌లో కడిగి, మళ్లీ లోపలికి పంపడం డయాలసిస్. వారానికి మూడుసార్లు. దీనితో జబ్బు నయం కాదు, ప్రాణం నిలుస్తుంది. ఈ సంగతి మేం మొదటి రోజే చెబుతాం. పేషెంట్లు తల ఊపి, మెట్లు దిగేలోపే మరిచిపోతారు. వాళ్లని నేను తప్పుపట్టను. అది గుర్తు పెట్టుకుని రోజూ అన్నం తినడం మాటలు కాదు.

రూతమ్మది మంగళ, గురు, శనివారాల బ్యాచ్. మొఘల్‌పురాలో ఒక బడిలో ఆయాగా చేసేది. జబ్బు ముదిరాక మానేసింది. భర్త యాకోబు మార్కెట్లో హమాలీ. ఆమెదీ నాదీ ఒకటే క్రైస్తవ సంఘం, రేకుల కప్పు కింద ఇరవై ముప్పై కుటుంబాలం. అందుకని నన్ను సిస్టర్ అనకుండా అక్కా అనేది.

డయాలసిస్ పేషెంటుకి నీళ్లు కొలిచి ఇవ్వాలి. తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు కాబట్టి ఒంట్లో, చివరికి ఊపిరితిత్తుల్లో చేరతాయి. రోజు మొత్తానికి రెండు మూడు గ్లాసులు. ఏప్రిల్ నెలలో, హైదరాబాదులో! రూతమ్మ ఒక మంచుముక్క బుగ్గన పెట్టుకుని పూటంతా గడిపేది.

"అక్కా, నాకు బంగారమొద్దు, బంగళాలొద్దు. నిండు చెంబెడు నీళ్లు గటగట తాగాలె. గంతే," అనేది.

"ప్రార్థన చేసుకో," అనేదాన్ని. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

చేసుకుంది. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ సంఘంలో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఆమెను ఉపవాసం ఉండొద్దన్నాను. సరేనని, ప్రతి సాయంత్రం వచ్చి మోకాళ్ల మీద కూర్చునేది. ఆమె పేరు పెట్టి పాస్టరుగారు ప్రార్థించేవారు. మేమంతా ఆమేన్ అనేవాళ్లం. నేనూ గట్టిగానే అనేదాన్ని.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మిషన్ సరిగా కడుగుతోందో లేదో చూడటానికి నెలకోసారి డయాలసిస్‌కి ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి రక్తం తీస్తాం. క్రియాటినిన్ అనేది రక్తంలో పేరుకునే మలినాల లెక్క. ముందు తీసినదాంట్లో ఎక్కువుంటుంది, తర్వాత తీసినదాంట్లో బాగా తగ్గుతుంది, రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. గుడ్ ఫ్రైడే మర్నాడు, శనివారం, ల్యాబ్ నుంచి రూతమ్మ కాగితాలు వచ్చాయి. ముందుది మా ఫైల్లో పెట్టి, తర్వాతది ఆమె చేతికిచ్చాను. అవతల ఇంకో పేషెంటు మిషన్ అలారం మోగుతోంది. నడుస్తూనే, "బాగా తగ్గింది రూతమ్మా, దేవునికి స్తోత్రం!" అన్నాను.

మా వాళ్లలో స్తోత్రం అనేది ఊతపదం. బస్సు దొరికితే స్తోత్రం, కూరలో ఉప్పు సరిపోతే స్తోత్రం. ఆ మాట ఆ రోజు ఆ కాగితంతో కలిపి అనకూడదని నాకు తట్టలేదు. ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. నేను అది చూసి కూడా ఆగలేదు.

మర్నాడు ఈస్టర్. సూర్యోదయ ఆరాధన. సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పే సమయంలో, రూతమ్మ లేచింది. కొత్త చీర, తలమీద కొంగు, చేతిలో ఆ కాగితం.

"నా రక్తం మంచిగైందని సిస్టరక్కనే జెప్పింది. ప్రభువు నన్ను ముట్టి బాగుజేసిండు. ఇగ నాకు మిషన్ అక్కరలే!"

రేకులు ఎగిరిపోయేలా హల్లెలూయలు. ముసలమ్మలు ఏడ్చారు. యాకోబు మొగవాళ్ల వైపు చాప మీద రెండు చేతులూ పైకెత్తి వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరూ నావైపు తిరిగి చూశారు. నేను లేచి, "కాదు, ఆ కాగితం అర్థం అది కాదు," అనాలి. ఒక్క మాట! ఈస్టర్ ఉదయాన, అంత మంది సంతోషం మీద నీళ్లు చల్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎల్లుండి డయాలసిస్‌కి వస్తుంది కదా, అప్పుడు నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను. అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు నాకే అసహ్యం.

మంగళవారం ఆమె మంచం ఖాళీ. పక్క మంచం బీబీ, "రూతమ్మ నై ఆయీ క్యా?" అని రెండుసార్లు అడిగింది. ఫోన్ చేస్తే యాకోబు, "వద్దంటున్నది మేడం," అని పెట్టేశాడు. గురువారం కూడా రాలేదు. డ్యూటీ దిగి వాళ్లింటికి పోయాను.

రూతమ్మ గడపలో కూర్చుని ఉంది. ముఖం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. పక్కన సగం తిన్న కర్బూజా, నిండు చెంబు. కర్బూజాలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి అది గుండెను ఆపే విషం.

"ఎన్ని చెంబులు తాగావు?"

"లెక్క వెట్టలే అక్కా. ఎంత తియ్యగున్నయో నీళ్లు!" అని నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది.

"రేపు పొద్దున్నే సెంటర్‌కి రావాలి."

"ఎట్లొస్త? అందరి ముంగట సాక్ష్యం జెప్పిన. మల్ల పోయి మిషన్ మీద పండుకుంటె దేవుణ్ణి అబద్దాలోణ్ణి జేసినట్టు గాదా?"

అప్పుడు చెప్పాను. ఆ కాగితం మిషన్ కడిగాక తీసిన రక్తానిదని, అందరికీ అట్లాగే తగ్గుతుందని, రక్తం తీసిన సాయంత్రానికే మళ్లీ పెరగడం మొదలైందని. తప్పు నాదని కూడా చెప్పాను. ఆమె నవ్వు మెల్లగా పోయింది. చెంబును కాలితో అవతలికి జరిపింది.

"అంటే ఆయన నన్ను ముట్టలేదా?"

నర్సుగా ఒకటి తెలుసు, విశ్వాసిగా ఒకటి నమ్ముతాను. ఆ గడపలో రెండూ నాకు పనికి రాలేదు.

"నువ్వు మందిరంల ఉన్నవు గదా అక్కా. నేను జెప్పంగ ఇన్నవు గదా. గప్పుడెందుకు జెప్పలే?"

యాకోబు ఇంట్లోంచి వచ్చి, "మేడం, ఇగ పోండి. దాన్ని జర ఒంటరిగ ఉండనియ్యుండి," అన్నాడు. ఆ రాత్రే తీసుకురమ్మని అతన్ని బతిమాలాను. "అది లేస్తె గదా," అన్నాడు. పాస్టరుగారికి ఫోన్ చేశాను. పాపం, ఆయన వారమంతా ఆటో నడిపి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. "నేను మానెయ్యమనలేదు కదమ్మా," అన్నారు. నిజమే, ఎవరూ అనలేదు. మేం ఆమేన్ మాత్రమే అన్నాం.

శుక్రవారం కూడా ఆమె రాలేదు. శనివారం తెల్లారుతుండగా యాకోబు ఆమెను వీపున మోసుకుని మెట్లెక్కాడు. పడుకోలేకపోతోంది, నోటివెంట నురగ. డాక్టరుగారూ నేనూ ఒక గంట పెనుగులాడాం. గుండె ఒకసారి ఆగింది, మళ్లీ కొట్టుకుంది. బతికింది, కానీ అంతకుముందటి రూతమ్మ మాత్రం మళ్లీ కనిపించలేదు. గుండె బలం సగం పోయిందన్నారు. ఆ తర్వాత మిషన్ పెట్టిన ప్రతిసారీ బీపీ పడిపోయేది. నాలుగు గంటలు చెయ్యాల్సింది మూడుకే ఆపేవాళ్లం.

మర్నాటి ఆదివారం నేను లేచి సంఘంలో ఉన్నదున్నట్టు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. బయటికొచ్చాక ఒక పెద్దావిడ, "ఆమె విశ్వాసం నిలవలేదులెమ్మా, నువ్వేం చేస్తావు," అని నన్ను ఓదార్చింది. అంత చేదు ఓదార్పు నేనెరగను. ఆ తర్వాత రూతమ్మ ఇంటికి ప్రార్థనకని వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు.

ఆమె మాత్రం మంగళ, గురు, శనివారాలు తప్పకుండా వచ్చేది. నాతో మాట్లాడేది కాదు. కానీ ఇంకో నర్సు దగ్గరికొస్తే చెయ్యి లాక్కునేది. సూదులు గుచ్చడానికి వీలుగా మోచేతి దగ్గర సిరనీ ధమనినీ కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. పాతబడిన ఫిస్టులాలో సూది పట్టించడం అందరికీ రాదు. నేను వచ్చేదాకా కళ్లు మూసుకుని పడుకునేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నా మీద కోపం పోయిందా రూతమ్మా?"

"పోలే," అంది వెంటనే. "మస్తున్నది."

సూది పెట్టి టేపు అంటించాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ మళ్లీ అంది.

"దేవుని మీద గూడ ఉన్నది. రోజు పొద్దుగాల లేచి ఆయనతోని లొల్లి వెట్టుకుంట. యాకోబు నవ్వుతడు, కోపమైతే ప్రార్థనెందుకే అని. ఎవల మీద కోపముంటె వాళ్లతోనే గదా అక్కా కొట్లాడాలె? పక్కింటోళ్లతోని కొట్లాడితె ఏమొస్తది?"

"జవాబు వస్తోందా?"

"రాలే. నేనైతె ఇడ్వను."

మూడు వారాలకు, మిషన్ మీద ఉండగానే, బీపీ పడిపోయి ఇక లేవలేదు. చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఎన్నో చావులు చూసిన నర్సుని నేను. ప్రార్థన అంటే దేవుణ్ణి ఇమ్మని అడగడం, ఇస్తే మెచ్చుకోవడం, ఇవ్వకపోతే ఆయన చిత్తమని సర్దుకోవడం అని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాను. ఎదురు తిరిగి అడగొచ్చని, అడుగుతూ కూడా ఆయన పిల్లగానే ఉండొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. రూతమ్మను పూడ్చి వచ్చిన రోజు, మట్టి కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం పక్కన కూలబడి, జీవితంలో మొదటిసారి ఆయన్ని నిలదీశాను. ఎందుకిలా చేశావని అరిచాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను. తెల్లారి లేచి, డ్యూటీకి పోయే ముందు, మళ్లీ అక్కడే మోకాళ్లూని, ముందురోజు ఆపిన చోటినుంచి అడగడం మొదలుపెట్టాను.