మొగలి జడ

పలాసకు రైలొచ్చి పదేళ్లయిన రోజులవి. పని నేర్పమని వెళ్లిన పోలమ్మను, టెక్కలిలో పూలజడలు కుట్టే మనిషి గుమ్మంలోంచే తరిమేసింది.

"సేపలమ్ముకునేదానికి పూలపనేటే? పో!"

పోలమ్మ పళ్లు కొరుక్కుంటూ సముద్రపొడ్డున ఉన్న తన గుడిసెకు తిరిగొచ్చింది. మొగుడి పాత వలతాడును మూడు పాయలుగా అల్లి గుంజకు కట్టింది. అదే ఆమెకు పెళ్లికూతురి జడ. దానిమీద మొగలిరేకులు కుట్టేది, నచ్చక విప్పేది, మళ్లీ కుట్టేది. రేకు అంచున ముళ్లు ఎలా ఒలవాలో నెత్తురోడిన వేళ్లే నేర్పాయి. "పిచ్చి ముదిరిందే నీకు" అని అత్త ఏడాదంతా దెప్పింది.

కొబ్బరితోటల రత్నాలమ్మ కూతురి పెళ్లికి టెక్కలి మనిషి జ్వరమొచ్చి రాలేదు. పోలమ్మకు కబురెళ్లింది. తీరా వస్తే, రత్నాలమ్మ వాకిట్లోనే ఆపేసింది.

"పిల్ల తల ముట్టుకోకు, నీ సేతుల కంపు అంటుకుంటాది. జడ ఇంటికాడే కుట్టి తే, మేం కట్టుకుంటాం."

"అలగేనమ్మా. తాడు కూడా నానే తెత్తాను" అంది పోలమ్మ.

పెళ్లిపీటల దగ్గర మొగలి ఘుమఘుమకు అందరూ మురిసిపోయారు. రత్నాలమ్మయితే జడను చేతుల్లోకి తీసుకుని మరీ వాసన చూసింది. వాకిలి అవతల నిలబడ్డ పోలమ్మ కడుపు చల్లబడింది. ఆ రేకుల కింద, పెళ్లికూతురి వీపుమీద వేలాడుతున్నది పదేళ్లు చేపలు లాగిన తాడు.