రిజిస్టరులో ఖాళీగా వదిలిన గడి

ఇది రాయాలన్న ఆలోచన నాకు మొన్నమొన్నటి వరకూ లేదు. పోయిన నెల మా అమ్మాయితో కలిసి బ్లూ మౌంటెన్స్ వెళ్ళినప్పుడు, గ్రోస్ నది లోయలోకి దిగే పాత కాలిబాట మొదట్లో ఒక కర్ర గుంజ మాత్రం కనిపించింది. దానికి బిగించి ఉండే రేకు పెట్టె, అందులో నడకకు వెళ్ళేవాళ్ళు వివరాలు రాసే రిజిస్టరు, దారంతో కట్టిన పెన్సిలు ఏవీ లేవు, మరలు బిగించిన గుర్తులు నాలుగు మిగిలాయి. గుంజ మీద చెయ్యి వేసి నేనలా నిలబడిపోతే మా అమ్మాయి, "నాన్నా, ఆర్ యూ ఓకే?" అంది. బాగానే ఉన్నానన్నాను. వై టూ కే రోజుల్లో కంప్యూటర్ పనులకని ఆస్ట్రేలియా వచ్చిన మా వయసు వాళ్ళం ఎప్పుడు కలిసినా ఉద్యోగాల గురించీ, కొన్న ఇళ్ళ గురించీ మాట్లాడుకుంటాం గాని, ఎవరూ లేని రోజుల్లో మనల్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారో చెప్పుకోం. నేనూ ఇన్నేళ్ళు చెప్పలేదు. చెప్పకుండానే పోతే ఒక మనిషికి అన్యాయం చేసినవాణ్ణవుతానని ఇప్పుడు రాసి పెడుతున్నాను.

మాది నంద్యాల. బీకాం తరవాత పై చదువు కుదరక, శాఖా గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలతో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. హైదరాబాదులో ఆరు వారాల కోర్సు ఒకటి చేశాను గాని అక్కడ చెప్పినదాంట్లో నాకు తెలియనిది పెద్దగా లేదని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. సిడ్నీలో దిగి, బ్లాక్‌టౌన్‌లో మా కన్సల్టెన్సీ వాళ్ళు తీసుకున్న ఇంట్లో ఐదుగురిలో ఒకడిగా చేరిన మొదటి వారంలోనే, బ్యాంకు కార్డు కంటే ముందు లైబ్రరీ కార్డు తెచ్చుకున్నవాణ్ణి నేను. తీరా కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని అందరూ భయపడ్డ రెండు వేల సంవత్సరం ఏ గండమూ లేకుండా వచ్చేసింది. కంప్యూటర్లు ఆగిపోలేదు, మా పనే ఆగిపోయింది. పని లేకపోవడాన్ని బెంచి మీద ఉన్నామని మర్యాదగా చెప్పుకుంటూ ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు, జూన్‌లో ఇక్కడి చలికాలం వచ్చేసరికి నేనూ, వరంగల్ నుంచి వచ్చిన ఒక అన్నా మిగిలాం.

నాకు ఆదివారాలు కొండలకు పోయే అలవాటు అప్పుడే మొదలైంది. ఉద్యోగానికి పిలిచే ఏ ఫోనూ మోగదని తెలిసిన రోజు అదొక్కటే, ఇంట్లో కూర్చుని దానివైపు చూడక్కర్లేదు. పొద్దున్నే రైలెక్కి, పెన్రిత్‌లో మారి, కొండ ఊళ్ళో దిగి గంటన్నర నడిస్తే నేల ఉన్నట్టుండి తెగిపోయి, కింద అంతులేని లోయ, రాగి రంగు రాతి గోడలు, వాటి అడుగున సన్నగా నది. అంత చిన్న నది అంత లోతు కోసిందంటే ఎన్ని లక్షల ఏళ్ళు ఓపిక పట్టిందో అని, లైబ్రరీలో భూగర్భశాస్త్రం పుస్తకాలు రెండు తెచ్చి చదివాను. మా అన్నకు ఇదంతా వేళాకోళంగా ఉండేది. "బండలు చూసేటందుకు రైలు టికెట్ పెట్టి పోవాల్నా తమ్మీ? మా హన్మకొండ కాడ ఫ్రీగనే ఉంటయి, ఇంటి ఎనకాలనే," అనేవాడు. అనేవాడే గాని, నేను తిరిగి వచ్చేదాకా అన్నం తినేవాడు కాదు. జులైలో ఆయన కూడా మెల్‌బోర్న్‌లో ఏదో గోడౌనులో పని దొరికిందని వెళ్ళిపోయాడు, ఐదుగురి ఇంట్లో నేనొక్కణ్ణి మిగిలాను.

ఆ తరవాతి ఆదివారమే ఇది జరిగింది. రిజిస్టరులో పేరు, బయలుదేరిన సమయం, ఎక్కడికి, ఎప్పుడు తిరిగి వస్తారు అన్న గడులన్నీ నింపాను. రాకపోతే ఎవరికి కబురు చెప్పాలి అన్న ఆఖరి గడిలో మాత్రం అంతకు ముందు మా అన్న పేరు రాసేవాణ్ణి. ఆ రోజు పెన్సిలు పట్టుకుని కాసేపు నిలబడి, ఏమీ రాయకుండానే లోయలోకి దిగాను.

అడుగున నీలి యూకలిప్టస్ చెట్ల అడవి దాకా బాగానే వెళ్ళాను. అక్కడ నది దాటి, ఎత్తైన ఫెర్న్ మొక్కల్లో తిరిగి తిరిగి, పన్నెండు ప్రాంతంలో చూస్తే బాట లేదు. నాకు భయం వెయ్యలేదు. దారి తప్పితే సూర్యుణ్ణి చూసి దిక్కులు ఎలా కనుక్కోవాలో లైబ్రరీ పుస్తకంలో చదివి నోటుబుక్కులో ఎక్కించుకున్నవాణ్ణి కదా. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడని ఇంగ్లండులో అచ్చయిన ఆ పుస్తకం చెప్పింది, నంద్యాలలో చలికాలం మిద్దె మీద వడియాలు ఎండబెడుతూ చిన్నప్పటి నుంచీ నేను చూసిందీ అదే. ఊరు పడమట. కనుక సూర్యుడికి ఎదురుగా నిలబడి, కుడిచేతి వైపు తిరిగి, బండలు ఎక్కుతూ దిగుతూ రెండు గంటలు హుషారుగా నడిచాను. రెండున్నరప్పుడు నా నీడ నా ముందు పడి సాగుతూ ఉండటం గమనించి ఆగిపోయాను. పడమటికి పోయేవాడికి సాయంత్రం పూట నీడ వెనక పడాలి.

వెనక్కి తిరిగాను. కొంతసేపటికే సూర్యుడు రాతి గోడ వెనక్కి పోయాడు, లోయంతా ఒక్కసారిగా చల్లబడింది. చీకటి పడేలోగా ఆ చెట్ల దగ్గరికి చేరి బాట పట్టుకోకపోతే, స్వెట్టరు ఒక్కటే ఉన్న నాకు ఆ చలిలో తెల్లవారదని పుస్తకం చదవకుండానే తెలిసింది. పరిగెత్తాను, రెండుసార్లు పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. అప్పుడు నాకు తట్టిన లెక్క ఏమిటంటే, మా అక్కకు పదిహేను రోజులకోసారి ఫోను చేస్తాను, మొన్ననే చేశాను, కాబట్టి నేను లేనని ఈ ప్రపంచంలో ఎవరికైనా తెలియాలంటే ఇంకా రెండు వారాలు పడుతుంది.

వెలుగు తగ్గుతుండగా చెట్ల దగ్గరికి చేరాను. పడిపోయిన ఒక మాను మీద డెబ్బై ఏళ్ళ తెల్లావిడ, ఊలు టోపీ పెట్టుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. రిజిస్టరులో ఉన్న పేరు నాదేనా అని అడిగింది. ఆవిడ ప్రతి ఆదివారం ఆ అడవి దాకా వచ్చి వెళ్తుందట. పెట్టె తెరిచి ఆఖరి గడి ఖాళీగా ఉండటం చూసిందట, దారిలో నేను ఎదురుపడలేదు, రెండింటికి పైకి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళకుండా కూర్చుంది. వేడి టీ మూతలో పోసి ఇచ్చింది. సూర్యుడి సంగతి చెబితే నవ్వకుండా విని, "మా దగ్గర ఉత్తరాన నడుస్తాడు నాయనా. మీ దగ్గర ఎటు నడుస్తాడు?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. టార్చి ముందు పట్టి ఆవిడ, వెనక నేను, రెండు గంటలు ఎక్కాం.

పైకి వచ్చాక తన పాత కారులో స్టేషనుకు తీసుకెళ్తూ, "నువ్వు రాకపోతే ఈ రాత్రి ఎవరు వెతికేవాళ్ళు?" అంది. స్టేషను దగ్గర ఒక కాగితం మీద పేరూ నంబరూ రాసిచ్చి, ఇకనుంచి ఆ గడిలో ఇది రాయి, ఇల్లు చేరగానే ఫోను చెయ్యి అంది. బ్లాక్‌టౌన్ స్టేషను బయటి టెలిఫోన్ బూత్ నుంచే చేశాను. చేరావా అని అడుగుతుందనుకున్నాను. "ఏం చూశావు?" అంది. ఫెర్న్ మొక్కల మధ్య నెమలిలా తోక విప్పి ఆడిన లైర్ పిట్ట గురించి చెప్పాను. దాన్ని చూసిన సంగతి చెప్పేదాకా నాకే గుర్తు లేదు.

ఆ పైన ఆరేళ్ళు ప్రతి ఆదివారం రాత్రి అదే ప్రశ్న, నాకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని లోయలో కళ్ళు తెరుచుకుని నడవడం నేర్చుకున్నాను. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు వచ్చాక ఆ ఫోన్లు నెలకోసారి, ఆ తరవాత క్రిస్మసుకోసారి అయ్యాయి. ఒక క్రిస్మసుకు నేను చెయ్యలేదు. మరుసటి ఏడు చేస్తే ఎవరో కుర్రగొంతు, ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరంది. ఇవాళ నేను వీధి చివర పాలకు వెళ్ళినా ఎక్కడున్నానో ఇంటిల్లిపాదికీ ఫోన్లో కనిపిస్తుంది, చేరానో లేదో అడగాల్సిన పని కూడా ఎవరికీ లేదు. ఏం చూశానో అడిగేవాళ్ళు లేక, చూడటం కూడా తగ్గించాను.

అన్నం తినకుండా నా కోసం కూర్చున్న సంపత్ అన్నకు, పదిహేను రోజులకోసారి నా గొంతు విని ఏదో దాస్తున్నానని పసిగట్టి కూడా అడగని మా సరళక్కకు, గడువు దాటిన పుస్తకాలకు ముఖం చిట్లించని లైబ్రరీ కౌంటరు జోయ్స్ గారికి నా నమస్కారాలు. ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చిన బెరిల్ గారూ, పోయిన నెల మీ లోయకు వెళ్ళాను. బాట మూసేశారు, కిందికి దిగలేకపోయాను. అంచు మీద నిలబడి చూస్తే ఎదుటి గోడ మీద ఎండ ఉంది, దాని కింద రెండు తెల్ల కాకటూ చిలకలు చాలాసేపు ఎగిరాయి.