రోటి దగ్గర నేర్పిన తాళం

ఎల్లారెడ్డి నుంచి వచ్చే బస్సు డ్రైవరు ఆ రోజు ప్రయాణికులు దిగీ దిగకముందే కామారెడ్డిలోని మా ఆడపిల్లల బడి గేటు దాకా నడిచి వచ్చాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. నేను లోపల పిల్లల చేత పాట పాడిస్తున్నాను. "పంతులమ్మ పొద్దుగాల పోయిందమ్మా. వాళ్ల అన్న చెప్పి పంపిండు," అన్నాడు. పాటను మధ్యలో తెంపితే ఆమెకు గిట్టేది కాదు. అందుకని ఆ చరణం చివరిదాకా పాడించి, తర్వాతే పిల్లలకు చెప్పాను. ఎట్లా పాడించానో నాకే తెలియదు.

పోయిన ఆమె మా సంగీతం పంతులమ్మ. నాకు స్వరం నేర్పింది, నన్ను చదువుకు పంపింది, తిరిగొచ్చాక తన పక్కన కూర్చోబెట్టుకొని నాతో పాఠాలు చెప్పించింది ఆమే. పోయి నెల తిరగలేదు. గుర్తున్నది గుర్తున్నట్టు రాయాలని కూర్చున్నాను. పొగడ్త అంటే ఆమెకు ఒళ్లు మంట కాబట్టి ఆ జోలికి పోను.

ఆమె పుట్టిల్లు ఎల్లారెడ్డి. చిన్నతనంలోనే భర్త పోతే, చెన్నపట్నంలో ఉన్న ఆడబిడ్డ తోడుకోసమని తీసుకుపోయింది. అక్కడ సంగీత కళాశాలలో చేరింది. పాడటం ఒక్కటే కాదు, లక్షణం, చరిత్ర, పిల్లలకు ఎట్లా చెప్పాలనే బోధన, అన్నీ చదివి పరీక్షలు నెగ్గింది. తిరిగి వచ్చేసరికి తల్లిదండ్రులు లేరు, ఇంటికి పెద్ద అన్న. ఆయన చెడ్డవాడు కాదు. కానీ పదిమంది నోళ్లకు భయపడే మనిషి. "ఇంట్ల ఉండు, కడుపునిండ తిను. పాట మాత్రం ఈ ఇంట్ల వినపడొద్దు," అన్నాడు.

"అయితే వినపడే కాడ ఉంట అన్నా," అని ఆమె తంబూరా చంకన పెట్టుకొని కామారెడ్డికి వచ్చేసింది. నిజాంసాగర్ కాలువల్లో నీళ్లు కొత్తగా పారుతున్న రోజులవి. ఊరి పెద్దలు కొందరు కలిసి ఆడపిల్లలకు బడి పెట్టారు. అందులో వారానికి కొన్ని గంటలు పాట చెప్పడానికి ఈమె కుదిరింది. అన్నతో మాటలు మానలేదు. దసరాకు ఇక్కడి గంజ్ బజారు నుంచి బెల్లం ముద్ద అక్కడికి పోయేది, అక్కడి నుంచి కొత్త బియ్యం ఇక్కడికి వచ్చేవి. పాట సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఆమె పాఠానికి ఒక నియమం ఉండేది. బడిలో నేర్చుకున్నది ఇంటికి పోయి గొంతెత్తి పాడి రావాలి. పాడనిదే మరునాడు కొత్త పాఠం లేదు. "బడిల పాడింది నాది. ఇంట్ల పాడితేనే నీది," అనేది. ఇంట్లో వినేవాళ్లు లేరని ఒక పిల్ల సాకు చెబితే, "బర్రె ఉన్నది గద, దానికి వినిపియ్యి. అది నీ తండ్రికంటె ఓపికగ వింటది," అన్నది. ఆ పిల్ల నిజంగానే బర్రెకు వినిపించి వచ్చింది.

ఈ నియమమే నా కొంపమీదికి తెచ్చింది. మా బాపు గంజ్ బజారులో బెల్లం దుకాణంలో గుమాస్తా. ఇంట్లో మాట మాత్రం మా అవ్వది, అంటే బాపు తల్లిది. నేను వసారాలో కూర్చొని సరిగమలు ఎత్తుకోగానే అవ్వ చేటను పక్కకు విసిరింది. "దేవుని పాట గుడి కాడ, నాటు పాట పొలం కాడ. మర్యాదగల్ల ఇంట్ల ఆడపిల్ల ఈ రాగాలు తీసుడేంది? రేపటి సంది బడి బంద్," అన్నది. అవ్వ బంద్ అన్నాక ఊరి పోలీసు అమీను వచ్చి చెప్పినా తెరిచేది కాదు.

నేను బడికి రాలేదని తెలిసి పంతులమ్మ మా ఇంటికి వచ్చింది. అప్పుడు అవ్వా నేనూ రోట్లో వడ్లు దంచుతున్నాం. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, గోడకు ఆనించిన మూడో రోకలి అందుకున్నది. ఒకే రోట్లో ముగ్గురు దంచడమంటే ఆటకాదు. ఒకరి రోకలి లేచేటప్పుడు మరొకరిది దిగాలి. ఏమాత్రం తడబడినా రోకళ్లు రెండూ తాకుతాయి, వేళ్లు నలుగుతాయి. అవ్వ ఓరకంట చూసింది. పోటు కాస్త పెంచింది. పంతులమ్మ తగ్గలేదు. ఎల్లారెడ్డిలో పుట్టిన మనిషికి రోకలి కొత్తా?

ఇంకొంచెం సేపటికి ఆమె పోటుతోపాటు సన్నగా అనడం మొదలుపెట్టింది. అవ్వ రోకలి పడితే "త", తనది పడితే "కి", నాది పడితే "ట". తకిట, తకిట. వడ్లు అయిపోయేదాకా అదే. అవ్వ చెమట తుడుచుకొని, "ఇదేం పాట?" అని అడిగింది.

"పాట గాదు అవ్వా, తాళం. దీన్ని తిశ్రం అంటరు. మేం కాలేజీల నేర్చుకున్నం. నువ్వు ఇంట్లనే నేర్చుకున్నవు. ఇగ నీ మనుమరాలు నేర్చుకుంటె ఇంటికి వచ్చిన కొత్త తప్పేమున్నది?"

అవ్వ రోకలి గోడకు ఆనించింది. దంచిన బియ్యం చేటలోకి ఎత్తి చెరగసాగింది. చాలాసేపటికి, "రేపు పొమ్మను. వసారాల గాదు, లోపలి అర్రల పాడుకొమ్మను," అన్నది. నెల గడిచేసరికి నేను మళ్లీ వసారాలోకి వచ్చాను. అవ్వ అప్పుడప్పుడు, "నిన్నటిది మంచిగుండె, అదే పాడు," అని కూడా అనేది.

తంబూరా శ్రుతి కలిపేటప్పుడు పంతులమ్మ కళ్లు మూసుకునేది కాదు, మా ముఖాలు చూసేది. కొంగుముడిలో మిరియాలు, బెల్లంముక్క ఎప్పుడూ ఉండేవి. తప్పు పాడితే తప్పని అనేది కాదు, "మల్ల," అనేది. ఆ "మల్ల" ఎన్నిసార్లు విన్నా అందులో విసుగు ఉండేది కాదు. వంట మాత్రం రాదు. ఆమె చేసిన పప్పుచారు తిని మేం ముఖముఖాలు చూసుకుంటే, "స్వరం తప్పదు గాని నాకు ఉప్పు తప్పుతది," అని తనే ముందు నవ్వేది.

నన్నూ చెన్నపట్నం పంపాలని ఆమే పట్టుబట్టింది. రైలు ఎక్కించడానికి కామారెడ్డి స్టేషనుకు వచ్చింది. లక్షణం, చరిత్ర నాకు ఎందుకు, పాడితే చాలదా అని అడిగాను. "లక్షణం తెల్వకుంటె నువ్వేం జేస్తున్నవో నీకే తెల్వది. చరిత్ర అంటె ఎవరెప్పుడు పుట్టిండ్రని గాదు, ఈ పాట ఎవరెవరి నోట్లె నుంచి నీ దాక వచ్చిందో తెలుసుకొనుడు. ఇగ బోధన అంటవా, పాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు. పిల్లను ఏడిపియ్యకుంట దిద్దెటోళ్లే కరువు," అన్నది.

ఆ బోధన పరీక్షలో పెద్దల ఎదుట పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. నా వంతుకు తిశ్రం వచ్చింది. ముగ్గురు పిల్లలను చుట్టూ నిలబెట్టి, నా అరచెయ్యి రోలు అన్నాను, వాళ్ల పిడికిళ్లు రోకళ్లు అన్నాను. తకిట పట్టుకోవడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. పరీక్ష పెట్టినాయన, "ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాడు. "పుస్తకంలో లేదండి, మా పంతులమ్మ దగ్గర ఉంది," అన్నాను. ఆయన నవ్వాడు. నేను నెగ్గాను. ఇంటికి వచ్చి గొప్పగా చెబితే పంతులమ్మ మురిసిపోతుందనుకున్నాను. "మీ అవ్వ దగ్గర ఉన్నదని ఎందుకు చెప్పలె? నేర్చిన చరిత్ర గిదేనా?" అన్నది. అప్పటికి అవ్వ పోయింది.

ఆ సాయంత్రమే ఆమె ఒక మాట బయటపెట్టింది. "అందరి ఇండ్లల్ల పాడిచ్చిన. మా ఇంట్ల మాత్రం నా పాఠం ఒప్పజెప్పలేకపోయిన. ఒక్కసారి ఆ ఇంట్ల గొంతెత్తాలె," అన్నది. అన్న మీద కోపంగా అనలేదు. చేయవలసిన పని ఒకటి మిగిలిందన్నట్టు అన్నది.

ఈ యేడు జ్వరమూ దగ్గూ ఆమెను వదలలేదు. అన్న స్వయంగా బండి కట్టించుకొని వచ్చి ఎల్లారెడ్డికి తీసుకుపోయాడు. నేను చూడబోయినప్పుడు ఆమె వదినె మంచం పక్కనే కూర్చొని విసనకర్రతో విసురుతోంది. పంతులమ్మ పెదవులు కదులుతున్నాయి, వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు. నేను అడిగితే, "బండెక్కేటప్పుడే, ఇంట్ల పాడనని అన్నకు మాటిచ్చిన," అన్నది. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు.

దినాల నాడు మా బడి పిల్లలంతా వస్తామన్నారు. యుద్ధం రోజులు, బస్సు దొరకడమే గగనం. ఎట్లాగో నిలబడి ఎల్లారెడ్డి చేరాం. ఇంటినిండా చుట్టాలు. పిల్లలను తీసుకుపోయి లోపలి అర్రలో చాప మీద కూర్చోబెట్టారు. ఏడవడం వాళ్లకు కొత్త, ఊరుకోవడం అంతకన్నా కొత్త. మొన్ననే చేరిన ఒక చిన్నపిల్ల నా కొంగు లాగి, "పంతులమ్మ ఇల్లు ఇదే గద? మరి ఇక్కడ పాడకపోతే పాఠం అయినట్టా?" అని అడిగింది.

గుమ్మంలో నిలబడ్డ పంతులమ్మ అన్న ఆ మాట విన్నాడు. ఆయన పిల్లవైపు చూశాడు, నావైపు చూశాడు, బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. తలుపు మూయలేదు. నేను పిల్లకు సైగ చేశాను.

దానికి వచ్చింది మొదటి పాఠం ఒక్కటే. సరిగమపదనిస. అది ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకున్నాం. చెన్నపట్నం దాకా పోయి చదివివచ్చిన నేనూ ఆ పిల్ల వెనకే పాడాను. ఒకచోట దానికి శ్రుతి జారితే, "మల్ల," అన్నాను. మళ్లీ మొదటి నుంచి పాడాం. వంట దగ్గర ఆడవాళ్లు గరిటెలు ఆపి వినసాగారు.

బజారున పోయే ఎవరో అరుగు ముందు ఆగినట్టున్నారు. "ఏందన్నా, ఇంట్ల ఎవరు పాడుతున్నరు?" అని అడగడం నాకు వినిపించింది.

"మా చెల్లె పిల్లలు," అన్నాడు ఆయన. అని, వచ్చినాయన కూర్చొని వినడానికి అరుగు మీద కొంచెం పక్కకు జరిగాడు.