కాంట్రాక్టరుకి కప్పు ఇవ్వరట

మేము అమెరికాలో, అల్ఫారెట్టాలో ఉన్న రోజుల్లో మా ఆయన ఆఫీసులో ఏటా సాఫ్ట్‌బాల్ పోటీలు జరిగేవి. సాఫ్ట్‌బాల్ అంటే దాదాపు బేస్‌బాలే, బంతి కాస్త పెద్దది. డిపార్ట్‌మెంట్లు జట్లు కట్టి ఆడేవి. చివరికి మిగిలిన రెండు జట్లకీ మూడు మ్యాచ్‌ల సిరీస్ పెట్టి, అందులో అందరికంటే బాగా ఆడినవాళ్ళకి ఎం.వి.పి. అని ఒక కప్పు ఇచ్చేవారు.

ఆ కప్పు మీద మా ఆయనకి ఎంత ఆశో! అక్టోబరు వచ్చిందంటే టీవీలో బేస్‌బాల్ ప్లేఆఫ్స్ ముందునుంచి లేచేవాడు కాదు. "చూడవే, సీజనంతా వీణ్ణి ఎవడూ పట్టించుకోలేదు. ఈ సిరీస్‌లో ఇరగదీశాడు, ఎం.వి.పి. వీడికే ఇచ్చారు. నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావ్ అని అడగరిక్కడ. ఆడావా లేదా, అంతే," అనేవాడు. ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద వంటింటికి పరిమితమైన నాకు ఆ మాట వింటే నవ్వొచ్చేది.

మా ఆయన అక్కడ కాంట్రాక్టరు. పని ఈ కంపెనీలో, జీతం ఇచ్చేది ఇంకో కంపెనీ. మెడలో వేలాడే బ్యాడ్జి రంగు కూడా వేరే. జట్టులో మనుషులు తక్కువైనప్పుడు మాత్రం ఆ రంగు ఎవరి కంటికీ ఆనలేదు.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. రెండోది మా ఆయన క్యాచ్‌తో గెలిచారు. క్రికెట్ ఆడి పెరిగిన మనిషికి గ్లవ్ ఎక్కడ అలవాటవుతుంది? దాన్ని కింద పారేసి, కంచె దాకా పరిగెత్తి, ఉత్త చేత్తో పట్టాడు. మూడో మ్యాచ్‌లో గెలిపించిన దెబ్బ కూడా ఆయనదే. జట్టంతా ఆయన్ని భుజాల మీదికెత్తుకుని "ఎం.వి.పి.! ఎం.వి.పి.!" అని అరిచారు. ఆయన ముఖంలో అంత సంతోషం మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

కాసేపటికి కప్పు వేరేవాడికిచ్చారు.

నేను ఊరుకుంటానా? తిన్నగా హెచ్.ఆర్. ఆవిడ దగ్గరికెళ్ళి అడిగాను. ఆవిడ ఎంతో మర్యాదగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. అవార్డులు ఉద్యోగులకేనట. కాంట్రాక్టరుకిస్తే రేపతను కోర్టుకెళ్ళి, నేనూ మీ ఉద్యోగినే అనొచ్చట. అందుకని లీగల్ వాళ్ళు ఒప్పుకోరట. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లాస్టిక్ కప్పు చూపించి మా ఆయన కంపెనీ రాయించుకుంటాడా? ఎండలో ఆయన్ని పరిగెత్తించినప్పుడు ఈ లీగల్ వాళ్ళు నిద్రపోయారా? గెలుపు మాత్రం కాంట్రాక్టరు చేతిమీదుగా తీసుకోవచ్చు కాబోలు!

ఇంకా అడిగేదాన్నే. ఈలోగా మేనేజరు అందర్నీ ఫోటోకి పిలిచాడు. మా ఆయన కూడా వెళ్ళి చివర్న నిలబడ్డాడు. ఆ ఫోటో కంపెనీ వెబ్‌సైట్‌లో పెడతారట. మేనేజరు వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ కెమెరా చేతిలో పెట్టాడు. "నువ్వు తీస్తావా, ప్లీజ్?" అన్నాడు.

నేను గబగబా వెళ్ళి ఆ కెమెరా లాక్కున్నాను. "మీరెళ్ళి నిలబడండి. నేను తీస్తాను," అన్నాను తెలుగులో, అందరికీ వినబడేలా. భాష తెలియకపోయినా సంగతి అందరికీ అర్థమైంది. ఎవరూ కదల్లేదు. ఎవరూ రమ్మనలేదు.

మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వచ్చే నెల్లో నా కాంట్రాక్టు రెన్యూవల్ ఉందే. నీకు దణ్ణం పెడతాను, సీన్ చెయ్యకు."

వాళ్ళని ఒక్క మాట అనని మనిషి నన్ను బతిమాలుకున్నాడు. కెమెరా ఇచ్చేశాను. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, అందరూ ఫ్రేములో పడేలా చూసుకుని, వాళ్ళని నవ్వమన్నాడు. అందరూ హాయిగా నవ్వారు.