ఉప్పు జాడీలో రాగి కాణీలు

పోయినవాటిని ముందు రాసేస్తాను. బయానా రెండు రూపాయలు. షరాబు పట్టుకున్న వట్టం పదమూడణాలు. బస్సుకి నా జేబులోంచి పెట్టినవి ఎనిమిదణాలు. చింతపండు ఒక అణా. మిల్లులో ఒక రోజు జీతం. దోనె ఒకటి.

ఆ దోనె మా అక్కకు కావాలి. భర్త పోయాక ఆమె కొల్లేటి లంక నుంచి అద్దె దోనెలో ఎండుచేపలు ఒడ్డుకు చేర్చి, ఏలూరు సంతలో అమ్మేది. సంపాదనలో సగం అద్దెకే పోయేది. చివరికి యజమాని ఆ దోనెను ఇరవయ్యారు రూపాయలకు ఇస్తానన్నాడు. వెండి రూపాయలే కావాలన్నాడు. అక్క దగ్గరున్నదేమో చాలావరకు రాగి. చేపలమ్మిన చేత్తోనే ఏళ్ళ తరబడి ఉప్పు జాడీలో వేస్తూ వచ్చిన కాణీలు.

నేను ఏలూరులో బియ్యం మిల్లు గుమాస్తాను. బడికి పోలేదు. కాటా దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. అందుకే జాడీని లెక్కపెట్టలేదు, తూచాను. మిల్లు సొరుగులోంచి అరవై నాలుగు కాణీలు, అంటే సరిగ్గా ఒక రూపాయి, ఒక పక్క వేసి, జాడీలోవి రెండో పక్క పోస్తూ పోయాను. ఇరవై అయిదు తూకాలు వచ్చాయి.

"ఇరవై అయిదు రూపాయలక్కా."

"ఒక్కటీ లెక్కపెట్టకుండానే?"

"కాటా అబద్ధం చెప్పదు."

"నాతో అంటావేంట్రా! నేను రోజూ సంతలో అబద్ధం చెప్పేది కాటాతోనేగా!"

నవ్వింది గాని నా మాట నమ్మింది. ఆ సాయంత్రమే తన దగ్గరున్న రెండు వెండి రూపాయలూ బయానా ఇచ్చేసింది. మిగతా ఇరవై నాలుగు ఆదివారం పొద్దుగూకేలోగా ఇవ్వాలి. లేకపోతే బయానా పోయినట్టే.

శుక్రవారం, రాగిని వెండికి మార్చే షరాబు మార్పిడి ఖర్చు కింద రూపాయికి అణా వట్టం అడిగాడు. అలా అయితే తొమ్మిదణాలు తక్కువ పడతాయి. తాడేపల్లిగూడెంలో ముప్పావు అణాకే మారుస్తారని ఎవరో అన్నారు. లెక్క వేసి చూశాను. అప్పుడూ రెండణాల మూడు కాణీలు తక్కువే. కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. అప్పుడు ద్వారకా తిరుమల తోచింది. శనివారాలు అక్కడ మెట్లపొడుగునా ఉండే బిచ్చగాళ్ళకు తలా ఒక కాణీ వేయడానికి యాత్రికులు చిల్లర కొనుక్కుంటారు. రూపాయికి అరవై ఇస్తే చాలు, తీసుకుంటారు. ఆ లెక్కన నాకు ఇరవయ్యారు రూపాయల పైమాటే. మిల్లుకు నాగా పెట్టి తెల్లవారగానే బస్సెక్కాను.

మెట్ల కింద గుడ్డ పరిచి కాణీలు పోశాను. మొదట వచ్చినాయన పిడికెడు తీసుకుని ముఖం చిట్లించాడు.

"ఏవండీ, ఎక్కడివండీ ఇవి? నీచు వాసనొస్తున్నాయి!"

"మామూలు కాణీలేనండీ."

"స్వామి దగ్గరికెళ్తూ కొల్లేటిని మూటగట్టుకెళ్ళమంటారేంటండీ?"

వెనకున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఏ వాసనా తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నాం.

చింతపండు కొని బావి దగ్గర కూర్చుని తోమాను. ఉప్పు పెళ్ళలూ బురదా పచ్చగా కారిపోతుంటే నా చేతులు ఆగిపోయాయి. నేను తూచింది దీన్ని కూడా. తడి కాణీలను రాతిమీద పరిచి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ పద్నాలుగు వందల ఎనిమిదే. అంటే ఇరవై రెండు రూపాయలు.

అన్నీ అరవై చొప్పున అమ్ముడైనా ఇరవై నాలుగు కావని తెలుసు. అయినా కేకలు వేశాను, దిగే బస్సులకు ఎదురెళ్ళాను. పొద్దుటి రద్దీ నేను బావి దగ్గర ఉండగానే దాటిపోయింది. సాయంత్రానికి తొమ్మిది రూపాయలు చేతికొచ్చాయి. మర్నాడు మిగతా రాగి షరాబు ముందు పోశాను. అంతా కలిపి ఇరవై ఒక్క రూపాయల పన్నెండణాలు. నెలాఖరు కావడంతో నా దగ్గర ఏమీ లేదు. మిల్లు ఆసామి ఊళ్ళో లేడు.

"రెండ్రోజులు ఆగండి," అని దోనె యజమానిని బతిమాలాను.

"నేనాగుతానండీ. డబ్బు పట్టుకొచ్చినాయన ఆగొద్దూ?" అంటూ తాడు విప్పి పక్కనున్న మనిషి చేతికిచ్చాడు. ఆ తర్వాత అక్క ఆ కొత్తాయన దగ్గరే అదే దోనె అద్దెకు తీసుకుంది.

నా తూకాన్ని నమ్మి ఇచ్చిన బయానా రెండు రూపాయలు నా బాకీ. వట్టంలో పోయిన పదమూడణాల్లో కొండ దగ్గర వచ్చిన లాభం తొమ్మిదణాలు తీసేస్తే ఇంకో నాలుగు. జీతం అందగానే అక్క దగ్గరికి పట్టుకెళ్ళాను.

"లెక్కపెట్టావా, తూచావా?" అంది.

"లెక్కపెట్టానక్కా."

"అయితే దగ్గరుంచుకో. చేజారిన దోనె కూడా నీ లెక్కలోకి వచ్చిననాడు తీసుకుంటాలే."

ఏటా తీసుకోమని అడుగుతున్నాను, ఏటా అదే జవాబు. రెండు రూపాయల నాలుగణాలు, ఇప్పటికీ నా దగ్గరే.