పాలకాయతిప్ప ఫోటో కోటన్నయ్యది

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. చల్లపల్లి నుంచి వదిన.

"మీ అన్నయ్య లేడమ్మా" అంది.

"ఏ ఊరెళ్ళాడు వదినా?" అన్నాను. నిజంగా అలాగే అడిగాను. పెళ్ళిళ్ళ సీజన్ కదా, కెమెరా తగిలించుకుని ఎటో వెళ్ళి ఉంటాడనుకున్నాను.

వదిన భోరుమనేదాకా నాకు బుర్రకెక్కలేదు. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదట.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. కోటన్నయ్య నా తోడబుట్టినవాడు కాదు. చల్లపల్లిలో కోటి ఫోటో స్టూడియో ఆయనది. నేను గుడివాడలో ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుంటాను. నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే.

ఆడపిల్ల చేతిలో కెమెరా చూసి పెళ్ళిపందిట్లో జనం నవ్వుతుంటే, "నవ్వనీయమ్మా. పళ్ళు బాగుంటే క్లిక్ కొట్టు" అనేవాడు.

ఏడుద్దామని కూర్చున్నాను. ఏడుపు రావట్లేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకో చెప్తాను.

నైంటీస్‌లో అన్నయ్య ప్రతి ఫోటో మీదా పేరు వేసేవాడు. ఏ మూలనో కాదు, సరిగ్గా ఫోటోలో మనిషి గుండెల మీద, తెల్లటి అక్షరాలతో. మూలన వేస్తే జనం కత్తిరించేసి, పక్క స్టూడియోలో చవగ్గా కాపీలు తీయించుకునేవాళ్ళు.

ఒకసారి మొవ్వలో ఓణీల ఫంక్షన్‌కి ఇద్దరం వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన అప్పటికే పోయాడు. గోడ మీద ఆయన ఫోటో, అన్నయ్య తీసిందే. ముసలావిడ వచ్చి దానికి బొట్టు పెడుతోంది. ముందు గుండెల మీదున్న 'కోటి స్టూడియో' అక్షరాలకి పెట్టి, తర్వాత మొహానికి పెట్టింది.

"అక్కడెందుకు మామ్మగారూ?" అన్నాను.

"మా ఆయన పేరు కదమ్మా అది. నాకు చదువు రాదు గానీ, పొద్దున్నే ముందు ఆ పేరుకే దణ్ణం పెట్టుకుంటా" అంది.

నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకి రాలేదు. ఆవిడకి నిజం చెప్పనూ లేదు, ఫంక్షన్‌లో భోజనం చెయ్యనూ లేదు.

బస్సులో అన్నాడు: "ఆవిడ మొగుడికీ ఆవిడకీ మధ్యలో నేనెవర్నమ్మా? ఇక ఏ ఫోటో మీదా నా పేరు వెయ్యను. దేనికి ఎప్పుడు దండ పడుతుందో మనకేం తెలుసు?"

అన్నమాట మీదే ఉన్నాడు మహానుభావుడు. నేను మొత్తుకున్నాను. మొహాలు వదిలెయ్, సముద్రం ఫోటోలకైనా వేసుకో, పోనీ కింద చీమంత వేసుకో అన్నాను. వింటేగా!

ఆ తర్వాత ఒక మాఘ పౌర్ణమికి పాలకాయతిప్ప బీచ్‌లో ఆ ఫోటో తీశాడు. మీ అందరికీ తెలిసిందే. సాగరసంగమంలో స్నానం చేస్తున్న ముసలి దంపతులు. అల వస్తుంటే ఆవిడ రెండు చేతులతో ఆయన పంచె పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వుతూ ఉంటుంది. అలాంటి ఫోటో జన్మకి ఒక్కటి పడుతుంది.

పెద్ద సైజు ప్రింట్ కోసం ఆ ఫోటో ఉన్న సీడీ పట్టుకెళ్ళి బందరులో ఒక స్టూడియో ఆయనకిచ్చాడు. ఆ పెద్దమనిషి ప్రింట్ ఇచ్చాడు, ఫైల్ ఉంచుకున్నాడు. ఏడాది తిరక్కుండా అదే ఫోటో క్యాలెండర్ మీద, హోటల్ గోడ మీద, తర్వాత ఇంటర్నెట్‌లో. కింద బంగారు రంగులో ఆయన లోగో.

అన్నయ్య వెళ్ళి అడిగితే, కస్టమర్ల ముందే, "ఇందులో మీ పేరెక్కడుందండీ, చూపించండి?" అన్నాడట.

అన్నయ్య లేచి వచ్చేశాడు.

"పేరు వేసుంటే ఈ మాట పడేవాడివా?" అని నేను అరిచాను. "వేసినా చెరిపేవాడేలేమ్మా" అన్నాడు. చెరుపుతాడు, నాకూ తెలుసు. చెరపడానికైనా ఒక పూట కష్టపడేవాడు కదా! దొంగకి తాళం పగలగొట్టే శ్రమ కూడా లేకుండా చేశాడు మా అన్నయ్య.

ఆ తర్వాత పాలకాయతిప్ప వైపు కెమెరా తీసుకుని వెళ్ళలేదు. పోనీలే అని పైకి అన్నాడు గానీ, లోపల పోనివ్వలేదు. అది ఆయన్ని తినేసింది. నేను చూశాను.

ఇప్పుడు నిన్నటి సంగతి వినండి.

అన్నయ్యని ఇంకా ఇంటి దగ్గర్నుంచి ఎత్తనైనా లేదు. మన ఫోటోగ్రాఫర్ల ఈ ఆన్‌లైన్ కమ్యూనిటీలోనే ఆ బందరు స్టూడియో ఆయన పోస్ట్. "ఆత్మీయ మిత్రుణ్ణి కోల్పోయాను" అని. పైన ఏం ఫోటో పెట్టాడనుకున్నారు? అదే. లోగోతో సహా.

కింద కామెంట్లు. "సూపర్ పిక్ సార్." "ఏ కెమెరా సార్?" దానికి ఆయన "థాంక్యూ" అని పెట్టాడు.

థాంక్యూ అట! సిగ్గుండాలి. అడిగినవాళ్ళకీ ఉండాలి. అక్కడ మనిషి చచ్చిపోయాడురా బాబూ, కెమెరా సంగతి తర్వాత.

అది అన్నయ్య ఫోటో అని కింద రాశాను. పది నిమిషాల్లో డిలీట్ చేశాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ డిలీట్. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లోగో చెరిపి, అన్నయ్య పేరు పెద్ద అక్షరాలతో వేసి, ఊరంతా పంచుదామని రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లోగో చెరిపాను. పేరు వెయ్యడానికి చెయ్యాడలేదు. ఆ ముసలావిడ మొహం మీద వెయ్యాలా, ఆయన వీపు మీద వెయ్యాలా?

ఆ ఫోటో మీ ఇంట్లోనో, షాపులోనో ఉంటే ఒక్క పని చెయ్యండి. దాన్ని గోడ మీంచి దింపి, వెనక వైపు పెన్నుతో 'కోటేశ్వర్రావు, చల్లపల్లి' అని రాసి, మళ్ళీ తగిలించండి.

ముందు వైపు రాయకండి. ఆయనకి ఇష్టం ఉండదు.

ఉంటాను కోటన్నయ్యా. నువ్వు వదిలేశావు, నేను వదలను. నువ్వు మాత్రం ప్రశాంతంగా నిద్రపో.