నా జీపు నూనె డబ్బా

రెండేళ్లుగా మార్పులు చేయించుకుంటున్న నా పాత జీపుకి ఇవాళైనా పవర్ స్టీరింగ్ పూర్తి చేయిద్దామని పొద్దున్నే నరసన్నపేట షెడ్డుకి వెళ్లాను. భుజం నొప్పితో స్టీరింగ్ తిప్పలేకపోతున్నాను. ఈసారీ కాకపోతే అమ్మేయమని మా ఆవిడ తేల్చి చెప్పింది.

స్టీరింగ్‌కి నూనె తోసే పంపు మీదుండే నూనె డబ్బా బోనెట్టుకి తగులుతోంది. అందుకే విడి డబ్బా ఒకటి కొని, కింద బంపరు వెనక బిగించమన్నాను. మెకానిక్ సూరిబాబు నేను చెప్పినచోటే బిగించాడు. బండి స్టార్ట్ చేస్తే స్టీరింగ్ మేకలా అరిచింది. మధ్యాహ్నం దాకా పైపులన్నీ విప్పాం, బిగించాం.

"లోపం ఎక్కడున్నాదంటావు సూరిబాబూ?" అన్నాను నీరసంగా.

"డబ్బా కిందుంటే పంపుకి నూనె ఎలాగెక్కుతాది బావా?"

"మరి పొద్దున్నే సెప్పొచ్చు కదా!"

"నువ్వు వీడియోలు సూసొచ్చినావు. నీకు తెలుసేమో అనుకున్నాను."

డబ్బాను బోనెట్టుకి తగలకుండా పక్కగా, పంపు కంటే ఎత్తులో బిగించి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, పైపుల్లో గాలి పోయేదాకా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. అరుపు ఆగింది. ఇప్పుడు ఒక్క వేలితో తిరుగుతోంది. నా భుజమే లేవలేదు. ఇంటిదాకా సూరిబాబే నడిపాడు.

"బండి బాగైనాది సరే, మనిషి సంగతేటి?" అంది మా ఆవిడ.

మీ మెకానిక్కులైనా అడక్కుండా చెబుతారా?